బోర్డు మార్చిన సర్వర్

ఆ వైద్య పరీక్షల ల్యాబులో కంప్యూటర్ల బాధ్యత బావది. ల్యాబు వెబ్‌సైటు ఎంత భద్రంగా ఉందో చూసి రిపోర్టు ఇమ్మని యజమాని పిలిపించింది మాత్రం అతని మరదలిని, భార్య చెల్లెలిని. చుట్టరికం సంగతి ఆమె ముందే చెప్పింది. "మరీ మంచిది, మొహమాటం లేకుండా రాస్తారు" అన్నాడాయన. పాపం, ఆయనకు అక్కాచెల్లెళ్ళు ఉన్నట్టు లేదు.

మొదటి పని చిన్నదే. సైటును పలకరిస్తే వెనకున్న సర్వర్ తన పేరూ, వెర్షన్ నంబరూ చెబుతుంది. ఇది సరికొత్త వెర్షన్నని చెప్పుకుంది. ఆమె అంతటితో వదల్లేదు. సైటులో లేని పేజీ ఒకటి అడిగింది. "దొరకలేదు" అంటూ వచ్చిన జవాబు తీరు తొమ్మిదేళ్ళ నాటిది.

"బావా, సర్వర్ మార్చావా, దాని పేరు బోర్డు మార్చావా?"

బావ గొంతు తగ్గించాడు. "కొత్తది పెడితే రిపోర్టులు ప్రింటు చేసే పాత ప్రోగ్రాం పనిచేయదు తల్లీ. పోయినసారి వచ్చినాయన నంబరు చూసి టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నువ్వూ అదే రాసెయ్. లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా ఈ రోగుల కాగితాలు ఎవడిక్కావాలి?"

ఆమెకు ఒళ్ళు మండింది. జాలీ వేసింది. ఉద్యోగం పోగొట్టి అక్క మొహం ఎలా చూడాలి?

"ఎవడికి కావాలో తర్వాత. ముందు ఎంతవరకు తెరుచుకుంటుందో చూడు" అంది. ఆ పాత వెర్షన్‌లో అందరికీ తెలిసిన లోపం ఒకటుంది. దాన్ని పట్టుకుని లోపలికి వెళితే, పాస్‌వర్డ్ ఊసే లేకుండా జాబితా వచ్చేసింది. మనిషి పేరు, పరీక్ష, తేదీ.

నాలుగో వరుసలో అక్క పేరుంది. పక్కన బయాప్సీ అన్న మాటా, మొన్న మంగళవారం తేదీ ఉన్నాయి.

ఆమె లాప్‌టాప్ మూయబోయింది కానీ బావ అప్పటికే చదివేశాడు.

"మంగళవారం నీ దగ్గరికి వెళ్తున్నానంది" అన్నాడు మెల్లగా.

"రాలేదు బావా."

అతని చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది.

"తెరవకు. అది అక్క చెప్పాలి."

చెయ్యి ఆగింది. బావ ఫోను తీసి యజమానికి తనే చేశాడు. "సైటు ఆపేస్తున్నానండీ. నంబరు మార్చి చూపించింది నేనే."

సర్వర్ ఆపి, బండి తాళాలు తీసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"రిపోర్టులో అన్నీ రాయి" అన్నాడు. "ఆ పేరొక్కటి రాయకు."