తుడవనిదే స్విచ్ వెయ్యొద్దు

నాచారంలో రబ్బరు వాషర్లు చేసే ఫ్యాక్టరీలో దుర్గాభవాని పదకొండేళ్లుగా ప్రెస్ మిషన్ నడుపుతోంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి ప్రెస్ దగ్గరే ఉండిపోయిన మనిషి. కొత్త మిషన్లకు ప్రోగ్రాములు రాసే పైఅంతస్తు సెక్షన్‌లో ఒక ఖాళీ పడింది. అడగందే అమ్మైనా పెట్టదని తానే వెళ్లి అడిగింది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మూడు నెలల్లో నేర్చుకొని, ఆఖరి శనివారం అరగంటలో ప్రోగ్రాం నడిపి చూపిస్తే సీటు నీదేనంది ఇంజనీరు సూర్యకళ.

ఆ మూడు నెలలూ ఉప్పల్‌లోని ఇంట్లో వంట కాగానే పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. కార్గో అనే పనిముట్టు ప్రాజెక్టుకు కావలసిన సరంజామా తెచ్చి, పేర్చి, ప్రోగ్రాం కట్టిపెట్టేది. తప్పు ఏ వరుసలో ఉందో, ఎలా దిద్దుకోవాలో చెప్పేది. అదీ కసురుకోకుండా! సూపర్‌వైజర్ల తిట్లు విని విని ఉన్న దుర్గకు ప్రాణం లేచొచ్చింది. బాధల్లా ఒకటే, నడిపిన ప్రతిసారీ పదహారు నిమిషాలు తినేది. ముసలి ల్యాప్‌టాప్‌ను తిట్టి ఏం లాభమనుకుంది.

శనివారం రానే వచ్చింది. వేడి హద్దు దాటితే హెచ్చరించే ప్రోగ్రాం అది. "రెండో హద్దు గూడ పెట్టు" అంది సూర్యకళ అప్పటికప్పుడు. దుర్గ తన ల్యాప్‌టాప్‌లోనే రాసి నడిపింది. పదహారు నిమిషాలయ్యాక చివర్లో ఒక తప్పు బయటపడింది. చూపించిన చోట దిద్దింది గానీ, మిగిలినవి తొమ్మిది నిమిషాలే. అయినా ఎప్పటిలాగే ముందు "కార్గో క్లీన్" అనే ఆదేశం కొట్టబోయింది.

సూర్యకళ చెయ్యి పట్టుకుంది. "ఆగు! అదెందుకు కొడ్తున్నవ్?"

"మిషన్ తుడవకుండ స్విచ్ వెయ్యొద్దు గద మేడం."

సూర్యకళ పడీపడీ నవ్వింది. "ఓ దుర్గా, అది కట్టిందంతా తుడిసేస్తది! మళ్ల మొదటిసంది కట్టాలె. జర ఇడిసిపెట్టు, మారిన కాడికే కడ్తది."

తుడవకుండా నడిపితే నాలుగు సెకన్లు పట్టింది. రెండు హెచ్చరికలూ తెరమీదికి వచ్చాయి. దుర్గకు సిగ్గూ ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"సోమవారం సంది పైకి రా. గీ తుడిసుడు ఎవరు నేర్పిన్రు?"

"నాకు ప్రెస్ పని నేర్పిన భూషణం సార్, మేడం. ఇరికిన ముక్కలు మిషన్ ఆగినప్పుడే తియ్యాలన్నడు. నా పది వేళ్లు ఉన్నయంటే ఆయన సలువనే."

దుర్గ మెట్లు దిగి, పాత ప్రెస్ దగ్గరున్న భూషణం కాళ్లకు దండం పెట్టింది. "సార్, పైసెక్షన్‌ల పని దొరికింది."

ఆయనకు కంప్యూటర్ల సంగతేమీ తెలియదు. "సల్లగుండు బిడ్డా" అంటూ రెండు వేళ్లు లేని చేతిని ఆమె తలమీద పెట్టాడు.