లూబోర్ చేతికి సరిచేసిన వాచీ

లూబోర్ వాచీ మూడోసారి ఆగిపోయినప్పుడు ఒటకర్ తిట్టింది వాచీని. జరిగిన పొరపాటంతా అక్కడే జరిగింది. కానీ ఆ ఏప్రిల్ శనివారం, నాఖోద్ ఊళ్ళో గుడ్డి గుర్రం బీరు దుకాణం వెనకగదిలో కూర్చున్న వాళ్ళెవరికీ అది పొరపాటుగా తోచలేదు.

ఆ గదిలో ప్రతి నెలా మొదటి శనివారం వాచీల పిచ్చివాళ్ళు చేరతారు. ఊళ్ళో తక్కిన మగవాళ్ళు ఆ పూట తోటలో గడ్డి కోసుకుంటూ ఉంటే, వీళ్ళు బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, ఒకరి వాచీ ఒకరు చేతిలోకి తీసుకుని, వెనక మూత విప్పి, పసిపిల్ల నోట్లో కొత్త పన్ను వెతికినట్టు చూస్తారు. ముందురోజు రేడియోలో పన్నెండింటి కూతకి వాచీలు కలుపుకుని వస్తారు. మధ్యాహ్నం మళ్ళీ ఆ కూత పడగానే ఎవరి వాచీ ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని వెనకుందో చెప్పాలి. అది నీలిఅట్ట పుస్తకంలో ఎక్కుతుంది. అందరికంటే ఎక్కువ తేడా వచ్చినవాడు ఆ పూట అందరికీ వెనిగర్‌లో ఊరిన సాసేజీలు తినిపించాలి. పెళ్ళాల దగ్గరా డాక్టర్ల దగ్గరా నోటికొచ్చిన అబద్ధం ఆడే ఈ పెద్దమనుషులు ఆ పుస్తకంలో మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఒక్క సెకను దొంగతనంగా రాయలేదు.

ఒటకర్ ఆ పక్క ఊరి వాచీల కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. తయారైన వాచీ సరిగ్గా నడుస్తోందో లేదో చూసి దిద్దే బల్ల దగ్గర అతని కుర్చీ. లూబోర్ బడిలో డ్రిల్లు మాస్టారు. అతనికి స్క్రూ విప్పడం కూడా రాదు. కానీ వాచీని ఎంచడంలో అతన్ని మించినవాడు ఆ బల్ల దగ్గర లేడు. పాత సామాన్ల సంతలో ముప్ఫై వాచీలున్న పళ్ళెం ముందు గంటసేపు నిలబడి, తళతళలాడే వాటన్నిటినీ పక్కకి నెట్టేసేవాడు. "పాలిష్ పట్టించారంటే అంచులు అరిగాయన్నమాటే. అంచుల్లేని వాచీ చప్పరించి ఉమ్మేసిన చాక్లెట్టు," అనేవాడు. గీతలు పడి, ముఖం మాసి ఉన్నవాటిని మాత్రం ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకునేవాడు. అలా ఎంచుకున్నదే అతని చేతికున్న స్టీలు వాచీ.

దానికి వేళ్ళతో కీ ఇవ్వడం కుదరదు. చెయ్యి ఊగితే లోపలున్న అర్ధచంద్రాకారం బిళ్ళ తిరిగి స్ప్రింగుకి కీ ఇస్తుంది. చెయ్యి ఊగకపోతే నలభై గంటల్లో ఆగిపోతుంది. లూబోర్ చేతికి ఆ బెంగ లేదు. అతను మాట్లాడితే రెండు చేతులూ మాట్లాడతాయి. "ఈ వాచీకి కీ ఇచ్చేది నీ చెయ్యి కాదు మాస్టారూ, నీ వాగుడు," అని మందులషాపు హినెక్ ఏడిపించేవాడు.

ఆ వాచీని ఒటకర్ మూడు నెలలు కష్టపడి లూబోర్ చేతికి సరిచేశాడు. పగలు అది ఎంత ఊగుతుంది, రాత్రి విప్పి ఏ వైపు తిప్పి పెడతాడు, అన్నీ అడిగి, చూసి, వెంట్రుకంత వెంట్రుకంత దిద్దాడు. చివరికి రోజుకి రెండు సెకన్లు ముందు. అంతకుమించి కదల్లేదు. అలా ఒకరి చేతికి దిద్దిన వాచీని ఇంకొకరు పెట్టుకోకూడదని ఆ బల్ల దగ్గర కట్టుబాటు. మరమ్మతుకి తెచ్చినా సరే, విప్పడం, చూడడం, యంత్రం మీద తిప్పడం వరకే. పెట్టుకోవడం మాత్రం వేరొకరి పళ్ళసెట్టు నోట్లో పెట్టుకోవడంలాంటిది.

"మళ్ళీ పడుకుందిరా," అన్నాడు లూబోర్, వాచీ విప్పి గుడ్డ మీద పెడుతూ.

"ఎన్నింటికి?"

"నాలుగూ పదికి. ఫిబ్రవరిలో ఓసారి, మార్చిలో ఓసారి, ఇప్పుడు మళ్ళీ."

"సిగ్గులేని ముండ," అని ఒటకర్ వాచీని తిట్టాడు. "రెండుసార్లు కడిగి, నూనె వేశాను. ఇంకేం కావాలే నీకు?"

"ఆగిన వాచీకి తేడా ఎంతని రాయాలి? ముందు సాసేజీలు తెప్పించండి మాస్టారూ," అన్నాడు హినెక్.

లూబోర్ నవ్వి, వాచీ ఆగిన వైనం కథలా చెప్పాడు. కుడిచెయ్యి గాల్లో లేచింది, పడింది, తిరిగింది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి కళ్ళూ గుడ్డమీది వాచీ మీదే ఉన్నాయి.

ఒంటిగంటకి లూబోర్ భార్య బ్లాంకా కారు తీసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఒటకర్‌ని పట్టుకుంది.

"నువ్వైనా చెప్పు ఒటకరూ. నడుస్తూ నడుస్తూ ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంటున్నాడు. మొన్న కోటుకి ఒక చెయ్యే తొడుక్కుని, రెండోది వేలాడేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. గురువారానికి నరాల డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. రానంటాడు."

"ఆమెకి వయసు మీదపడి నా మీద అనుమానం పట్టుకుంది," అన్నాడు లూబోర్. "సరే, పందెం. ఒరేయ్, నువ్వే విప్పి చూసి చెప్పు. లోపం వాచీదా, నాదా? వాచీదైతే డాక్టరుకి దండం. నాదైతే గురువారం నోరుమూసుకుని వెళ్తా. నీ మాటే మాట."

"బుధవారానికి చెప్తాను," అన్నాడు ఒటకర్.

బ్లాంకా ఒటకర్ ముఖంలోకి చూసింది. "సరిగ్గా చూడు," అంది.

ఒటకర్ సరిగ్గానే చూశాడు. అంత సరిగ్గా చూడకపోయి ఉంటే బాగుండేది. ఇంట్లో పాత కోడి కాల్చే యంత్రం మోటారుతో తను చేసుకున్న తిరుగుడు పెట్టె మీద వాచీని రెండు రోజులు తిప్పాడు. ఎక్కడా ఆగలేదు. దాన్ని తన మణికట్టుకి పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి రెండు రోజులు తిరిగి ఉంటే సంగతి తేలిపోయేది. కట్టుబాటు అడ్డం వచ్చింది. అసలు ఆ ఆలోచనే రాలేదు. కంటికి భూతద్దం బిగించి లోపల దొంగని వెతకడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ వాచీలో వెతికితే అరుగుదల దొరకదా? అరవై దాటిన ఏ మనిషిలో దొరకదు? బిళ్ళ తిరుగుడుని స్ప్రింగుకి అందించే బుల్లి పళ్ళచక్రంలో రెండు పళ్ళు కొద్దిగా గుండ్రబడ్డాయి. అది చూసి ఒటకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంత సంతోషం కలిగింది అతనికి.

చక్రం మార్చాడు. అక్కడితో ఆగితే వాచీ నాలుగోసారి ఆగినప్పుడైనా నిజం బయటపడేది. ఆగలేదు. పనిలో పనిగా పాత బిళ్ళ తీసేసి, వేరే వాచీలోంచి తీసిన బరువైన బిళ్ళ కూర్చాడు. చెయ్యి వీసమంత కదిలినా ఇక చాలు. తీసిన పాత ముక్కల్ని అలవాటు ప్రకారం చిన్న కాగితం పొట్లాల్లో కట్టి, పేరూ తేదీ రాసి, సొరుగులో పెట్టాడు. అప్పుడు ఫోను చేశాడు.

"దొంగ దొరికాడురా! వాచీదే."

"బ్లాంకా, విన్నావా? వాచీదేనట!" అని లూబోర్ ఇల్లెగిరిపోయేలా అరవడం ఫోనులో వినిపించింది.

గురువారం డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

వాచీ నడిచింది. మే, జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. రేడియో కూత పడిన ప్రతిసారీ రెండు సెకన్లు, మూడు సెకన్లు. హినెక్ సాసేజీలు తినిపించీ తినిపించీ విసిగిపోయాడు. ఒటకర్ చెయ్యి పడితే చచ్చిన వాచీ లేచి కూర్చుంటుందని బల్ల బల్లంతా మెచ్చుకుంది. అతను ఆ ఆరు నెలలూ ఊళ్ళో కాస్త రొమ్ము విరుచుకునే నడిచాడు. లూబోర్ ఎడమచెయ్యి రోజురోజుకీ బరువెక్కుతుంటే, ఆ బరువు వాచీలో కనపడకుండా దాచినవాడు తనేనని అతనికి తెలియదు.

నవంబరు మొదటి శనివారం పన్నెండు కొట్టింది. హినెక్ ఒక సెకనన్నాడు. ఒటకర్ నాలుగన్నాడు. లూబోర్ వాచీ చూసుకుని, "తొమ్మిదింటికే ఆగిపోయినట్టుందే," అన్నాడు. తర్వాత ఎడమచేత్తో బీరు మగ్గు ఎత్తబోయాడు. చెయ్యి బల్లమీద అలాగే ఉంది. దాన్ని ఎవరో మర్చిపోయి వెళ్ళిన చేతితొడుగుని చూసినట్టు చూశాడు. మెల్లగా పక్కకి ఒరిగి, కుర్చీతో సహా పడిపోయాడు.

మెదడులో కుడివైపు గడ్డ. ఆ సంగతి ఆసుపత్రి వరండాలో బ్లాంకా చెప్పింది. అరవలేదు. ఏడవలేదు. కోటు గుండీలు పెడుతూ, తీస్తూ చెప్పింది.

"ఏప్రిల్లో వచ్చి ఉంటే కోసి తీసేవాళ్ళమన్నారు. ఇప్పుడు లోపలికంతా పాకిందట. వేసవి దాకా ఉంటే గొప్పట." పై గుండీ మళ్ళీ పెట్టి, "గురువారానికి టైము తీసుకున్నాను ఒటకరూ. గురువారానికి," అంది.

ఒటకర్ క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయింది.

అతను రెండు రోజులకోసారి ఆసుపత్రికి వెళ్ళేవాడు. వాచీల కబుర్లే చెప్పేవాడు. ఇంకో మాట వస్తే ఏమైపోతుందోనని భయం. జనవరిలో ఒకరోజు లూబోర్ అతన్ని మధ్యలో ఆపేశాడు. మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ తెలివి పూర్తిగా ఉంది.

"ఒరేయ్, ఆ పాత ముక్కలు ఉన్నాయా? ఆ చక్రం, ఆ బిళ్ళ?"

"ఉన్నాయి."

"ఎందుకుండవు. నీ ఊడిన పళ్ళు కూడా పొట్లం కట్టి ఉంటావు." కుడిచేత్తో ఎడమ మణికట్టు మీది వాచీని తడిమాడు. "ఇది విప్పి పట్టుకుపో. పాతవి మళ్ళీ వెయ్యి. నీ చేతికి పెట్టుకుని వారం తిరుగు. తర్వాత వచ్చి చెప్పు."

"నీ వాచీ నేను పెట్టుకోవడమేంట్రా?"

"పెట్టుకో. నాకు తెలియాలి."

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, పడుకుంటాను," అన్నాడు లూబోర్. "తెలిసి పడుకోవడం వేరు."

ఒటకర్ ఆ సాయంత్రమే పొట్లాలు విప్పాడు. అరిగిన చక్రం, తేలికపాటి బిళ్ళ, ఎక్కడివక్కడ కూర్చి, వాచీ పెట్టుకున్నాడు. వాచీ ఆగిపోవాలని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాడు. ఆగితే లోపం నిజంగా వాచీదే. తను చెప్పింది తప్పు కాదు. లూబోర్‌కి వచ్చింది వేరే కర్మ. లిఫ్టు వదిలి మెట్లు ఎక్కకుండా జాగ్రత్తపడ్డాడు. నడిచేటప్పుడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి కదపకుండా కుడిచేత్తోనే తిన్నాడు, రొట్టె కూడా ఆ ఒక్కచేత్తోనే కోశాడు. ప్రతి పొద్దునా కళ్ళు తెరుస్తూనే సెకండ్ల ముల్లు చూసేవాడు. అది తిరుగుతూనే ఉండేది. బతికున్న చెయ్యి జేబులో ఉన్నా ఎక్కడో కదులుతూనే ఉంటుంది. ఆ మాత్రం కదలిక ఆ వాచీకి ఎప్పుడూ సరిపోయింది. అరిగిన పళ్ళతోనూ సరిపోయింది.

ఎనిమిదో రోజు ఆసుపత్రికి వెళ్తూ దారిలో వాచీ విప్పి కోటు జేబులో వేసుకున్నాడు. చెప్పాల్సిన అబద్ధం బస్సులోనే తయారుచేసుకున్నాడు.

"ఆగిందిరా," అన్నాడు మంచం పక్కన కూర్చోగానే. "రెండో రోజే ఆగింది. వాచీదే లోపం."

లూబోర్ తల తిప్పి చూశాడు. బ్లాంకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది.

"మంచిది," అన్నాడు లూబోర్. "పుస్తకంలో రాసెయ్."

నీలిఅట్ట పుస్తకం మంచం పక్క సొరుగులోనే ఉంది. జబ్బుపడ్డవాడికి కాలక్షేపంగా ఉంటుందని హినెక్ ఇచ్చి వెళ్ళాడు. ఒటకర్ దాన్ని మోకాలి మీద పెట్టుకుని, పెన్సిలు తీసి, తేదీ వేశాడు. లూబోర్ పేరు రాశాడు. 'పాత ముక్కలతో' అని రాశాడు. ఆ పైన ఇరవై రెండేళ్ళ గళ్ళు, ఒక్కటీ అబద్ధం లేనివి, అతని వైపు చూస్తున్నాయి. పెన్సిలు చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తర్వాత రాశాడు. రాసి, లూబోర్ కుడికంటికి అందేలా పట్టుకున్నాడు.

పాత ముక్కలతో ఏడు రోజులు. రోజుకి ఒక సెకను ముందు. ఆగలేదు.

లూబోర్ చదివాడు. మళ్ళీ చదివాడు. "అంటే నేనే అన్నమాట," అన్నాడు.

"నువ్వేరా," అన్నాడు ఒటకర్. "ఏప్రిల్లోనూ నువ్వే. అది నాతో చెప్తూనే ఉంది. నేను దాని నోరు నొక్కేశాను."

లూబోర్ అతన్ని తిట్టలేదు. ఫర్వాలేదనీ అనలేదు. "ఒక సెకనా? నీ చేతికి నాకంటే బాగా నడిచిందే దొంగది," అన్నాడు. నవ్వబోయాడు, సగం ముఖమే నవ్వింది. "పెట్టు."

ఒటకర్ కోటు జేబులోంచి వాచీ తీసి ఆ ఎడమ మణికట్టుకి పెట్టాడు. బెల్టు కిందటిసారి కంటే రెండు చిల్లులు లోపలికి పోయింది. చెయ్యి ఎత్తి దుప్పటి మీద పడుకోబెట్టాడు. నలభై గంటలు. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు పొద్దున అతను వచ్చేసరికి లూబోర్ మగతలో ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు. సెకండ్ల ముల్లు ఆగిపోయి ఉంది. బ్లాంకా కుర్చీలోంచి లేవలేదు.

"వాచీ ఆగిపోయింది ఒటకరూ," అంది. "తీసుకెళ్ళి బాగుచెయ్."