నాలుక లేని గడ్డి

"గడ్డి పీకడం కూడా ఒక పనేనా?" అని మొగుడు అన్నప్పుడు ఆమె అతని చొక్కాకి బొత్తాం కుడుతోంది. అప్పటికే ఇంటిల్లిపాదికీ వండి, అంట్లు తోమి, మోకాలిలోతు బురదలో పూటంతా వంగి వచ్చింది. ఆ మహానుభావుడి దృష్టిలో అవన్నీ పొద్దు పొడిచినట్టు వాటంతటవే జరిగిపోయేవి.

ఆమె పీకేది ఊదగడ్డి. ఎవరూ విత్తకుండానే మొలిచి, వరిలా వేషం కడుతుంది. ఎంత మొండిదంటే, పీకి గట్టున పారేస్తే, మనం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపు మడిలోకి నడిచెళ్ళి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. వరి ఆకు మొదట్లో చిన్న నాలుకలాంటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. కాపురానికొచ్చిన కొత్తలో అది తెలియక ఆమె వరి పీకేసి, ఊదని పదిలంగా నిలబెట్టింది. వేలితో తడిమి చూడడం నేర్పింది అత్తగారే, ఆ ముచ్చట చుట్టాలందరికీ చెప్పి నవ్వించిందీ ఆవిడే. అప్పట్నుంచి ఆమె ఏ సంగతికి నోరు తెరిచినా మొగుడిది ఒకటే పాట: "వరికీ కలుపుకీ తేడా తెలియనిదానివి, నీకెందుకు?"

పదేళ్ళు నోరు తెరవలేదు. మడిలో పల్లపు మూలనున్న ఊదని మాత్రం పీకబుద్ధి కాక ఏటా వదిలేసేది. నాలుక లేకపోయినా ఎంత పచ్చగా ఉందో అనుకునేది.

ఈ ఏడు నీళ్ళు నిలిచి వరంతా కుళ్ళింది. ఊద కంకులేసి ఊగింది. చూసేవాళ్ళ ముందు పరువు పోతోందని, ఆదివారం ఆ మూలంతా కోసి పారేస్తానన్నాడు మొగుడు.

మర్నాడు మంచు ఆరకముందే అత్తగారు చాటలు పట్టుకుని, కోడల్ని వెంటబెట్టుకుని మడిలోకి దిగింది.

"కొడవలి పెడితే గింజంతా నేలపాలవుతుందే. కంకి కింద చాట పట్టి తట్టు."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"నీ మొగుడు తిన్న మొదటి ముద్ద ఇదే. ఆ ఏడూ వరి పోయింది. చెప్తే మీ మామగారు బిడ్డకి గడ్డి పెట్టావంటారని నోరు మూసుకున్నా. నువ్వీ మూల వదిలేయడం పదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు."

అంత ఎగతాళి అడుగున ఇంత కాపలా ఉందా? ఆమె చాట పట్టింది. ఏడు బస్తాలయ్యాయంటారు. ఏడు కాకపోతే మూడు.

ఎండబెట్టి, దంచి, చెరిగి, శనివారం వండింది. మొగుడు రెండోసారి పళ్ళెం చాపుతూ ఈ బియ్యం ఎక్కడివని అడిగాడు.

"పల్లపు మూలవి. నేను పీకని కలుపు. రేపు అక్కడ కొడవలి పెట్టొద్దు. ఇక ఆ మూలలో ఏది ఉండాలో నేనే చెప్తాను."

అతను అమ్మ వంక చూశాడు. ఆవిడ గరిటె నిండా తీసి, కొడుకు చాపిన పళ్ళెం దాటించి, ముందు కోడలికి వడ్డించింది.