రెండొందల పద్నాలుగో రాయి వాంగ్మూలం

నేను ఒక కిలోమీటరు రాయిని. ఒంగోలుకూ నెల్లూరుకూ నడుమ, చెన్నై వెళ్ళే పెద్ద రోడ్డు పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డాను. తల మీద పసుపు రంగు, ఒంటికి తెల్ల సున్నం, గుండెల మీద నల్లగా 214. ఇప్పుడు ముళ్ళకంపల్లో పడుకుని ఉన్నాను కాబట్టి తీరిగ్గా చెబుతాను. ఓపిక ఉంటే వినండి, లేదంటే మీ దారిన మీరు పొండి. అది మీకు అలవాటే.

పుట్టింది నల్లరాతి కొండలో. నన్ను చెక్కిన మనిషి ఉలి పక్కన పెట్టి బీడీ ముట్టించి, "నీ తోబుట్టువులు రుబ్బురోళ్ళయి ఇళ్ళల్లో చేరారు, నువ్వే రోడ్డున పడ్డావు" అని నవ్వాడు. నాకు మాత్రం గర్వంగానే ఉండేది. రోలు ముందు ఒక్క వంటిల్లే ఉంటుంది, నా ముందు దేశమంతా నడిచింది. నాసిక్ ఉల్లిపాయలు, అస్సాం టీ పెట్టెలు, కాశ్మీరు ఆపిల్స్, శివకాశి టపాకాయలు, ఐసు నీళ్ళు కారుస్తూ హౌరాకు పోయే చేపల లారీలు, అన్నీ నా ముందు నుంచే. నాకు 213 తెలీదు, 215 తెలీదు, వాళ్ళను ఎప్పుడూ చూడలేదు. కానీ మేమంతా ఎవరి చోట వాళ్ళం కదలకుండా నిలబడితేనే ఈ దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఇంత దూరం అని ఎవరైనా చెప్పగలరు. నా ఉద్యోగమంతా ఆ కదలకపోవడమే.

నిజానికి నేను ముందే తెలుసుకోవలసింది. నాకు తూర్పున రైలు పట్టాలు, వాటికి ఆవల పూడిపోయిన పాత కాలువ. ఒకప్పుడు ఆ కాలువ మీద పడవల్లో ఉప్పూ ధాన్యమూ చెన్నపట్నం దాకా పోయేవట. రైలు రాగానే కాలువను వదిలేశారు. లారీ రాగానే సగం సరుకు రైలు దిగి రోడ్డెక్కింది. మనుషులకు దారి మీద ప్రేమ ఉండదు, ఊరు చేరడం మీదే ఉంటుంది. అయినా కాలువకు జరిగింది నాకెందుకు జరుగుతుందిలే అనుకున్నాను.

నా వెనక నాలుగు అడుగుల్లో పెంచలమ్మ హోటలు. చెన్నై వైపు పోయే బండికి ముందు నేను కనిపిస్తాను, వెంటనే ఎడమ పక్క ఆమె రేకుల షెడ్డు. లారీ తోలే మొగుడు లోడు తీసుకుని అస్సాం పోయి మరి తిరిగి రాలేదు. అతని కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడం కంటే వచ్చే పోయే వాళ్ళకు ఇంత వండి పెడితే నయమనుకుని పొయ్యి వెలిగించింది. హోటలుకు బోర్డు లేదు. నేనే బోర్డు. పంజాబు డ్రైవర్లూ బెంగాలు డ్రైవర్లూ ఒకరికొకరు, "భోజనం దో సౌ చౌదా దగ్గర" అని హిందీలో నా నంబరే చెప్పుకునేవాళ్ళు. ఆమె చేసే రొట్టెలు కుండ మూతల్లా ఉంటాయని వెక్కిరిస్తూనే తలా ఆరు తినేవాళ్ళు. చేపల పులుసు మాట వస్తే మాత్రం ఎవరూ వెక్కిరించేవాళ్ళు కాదు.

ఇక చెంచయ్య. మా రోడ్డు మీద గ్యాంగు కూలీ. గుంతలు పూడ్చడం, కంప కొట్టడం, ఏడాదికోసారి నాకు రంగు వేయడం అతని పని. చదువు రాదు, కానీ నా 4 అంకెను ముగ్గు వేసినంత పొందిగ్గా తిప్పేవాడు. పని అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "పెళ్ళికొడుకువి అయినావురా" అనేవాడు. మధ్యాహ్నం అన్నం పెంచలమ్మ దగ్గరే. కొత్త కుండ దించితే మొదటి గరిటె చెంచయ్య ఆకులోనే పడేది. పదిహేడేళ్ళుగా అతను రోజు కూలీయే. పర్మినెంటు చేసే కాగితం వర్క్ ఇన్‌స్పెక్టరు బల్ల సొరుగులో నిద్రపోతోంది.

అంతలో రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట వచ్చింది. పెంచలమ్మ హోటలుకు సరిగ్గా ఎదురుగా, కుడి పక్కన ఒక బియ్యం మిల్లు ఉంది. ఆఫీసులో తయారైన ప్లానులో ఇలా రాశారు: 214 రాయి వరకు ఎడమ పక్క స్థలం తీసుకోవాలి, ఎందుకంటే కుడి పక్క హైస్కూలు ఉంది. రాయి దాటాక కుడి పక్క తీసుకోవాలి, ఎందుకంటే ఎడమ పక్క కొంచెం ముందుకు పోతే కరెంటు సబ్‌స్టేషను ఉంది. అంటే రాయి దాటగానే ఉన్న మిల్లు పోతుంది, హోటలు నిలుస్తుంది. ఆ సంగతి ఊరందరికంటే ముందు మిల్లు ఆసామికి తెలిసింది, ఆయన ద్వారా వర్క్ ఇన్‌స్పెక్టరుకు ఒక ఆలోచన తట్టింది. మిల్లును జరపలేరు. నన్ను జరపవచ్చు.

పట్టపగలు, భోజనాల వేళ దాటాక, చెంచయ్య గడ్డపారతో వచ్చాడు. అంతకు ముందే పెంచలమ్మ చేతి అన్నం తిన్నాడు. రోజూ రెండోసారి పులుసు అడిగేవాడు, ఆ రోజు అడగలేదు. గడ్డపార నా మొదలు పక్కన దిగినప్పుడు కూడా ఏదో మరమ్మతు అనుకున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నేల నన్ను వదిలేసింది.

పెంచలమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏంది చెంచయ్యా, రాయిని పీకతా ఉండావు?"

"కొలతల్లో తేడా వచ్చిందంటక్కా. ముందుకు జరపమన్నారు." అతను తల ఎత్తలేదు.

"అట్నా! మా హోటలు పేరు నడిచిపోతా ఉండాదే." ఆమె నవ్వింది. "సరే, ఎండన పడి ఒక్కడివే చస్తుండావు. సిమెంటులోకి నీళ్ళు నేను తెచ్చిపోస్తాలే."

ఆమె రెండు బిందెలు మోసింది. వంద అడుగులు ముందుకు, హోటలూ మిల్లూ రెండూ దాటిన చోట, ఆమె పోసిన నీళ్ళతో కలిపిన సిమెంటులో నన్ను పాతారు. వద్దు తల్లీ అని అరవాలనిపించింది. నా ఒంటి మీద అంకెలు రాశారే గాని నోరు పెట్టలేదు మీరు.

నెల తిరక్కుండా పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఇప్పుడు రాయికి ఇవతల, ఎడమ పక్కన పడ్డ హోటలు గోడ మీద కూల్చమని ఎర్ర గీత గీయించాడు.

పెంచలమ్మ పరుగెత్తుకొచ్చింది. "మొన్నటిదాకా ఈ రాయి నా గుమ్మం ముందర ఉండింది సార్! నా చేతుల్తో నీళ్ళు పోసి పాతించినా. ఈ చెంచయ్యనడగండి."

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు, అడిగాడు. "ఏమయ్యా, ఈ రాయి ఎప్పటినుంచి ఇక్కడ ఉంది?"

చెంచయ్య వర్క్ ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. తర్వాత గోళ్ళ సందుల్లో ఎండిన పసుపు రంగు వైపు చూసుకున్నాడు. "నేను పన్లో చేరిన కాడ్నుంచీ ఈడే ఉండాది సార్."

పెంచలమ్మ అతని వైపు అలా చూస్తూ నిలబడిపోయింది. ఆ సమయంలో రోడ్డు మీద ఎన్ని లారీలు పోయాయో! పంజాబువి, ఒడిశావి, తమిళనాడువి. ఏళ్ళ తరబడి నన్ను గుర్తు పెట్టుకుని ఆమె చేతి అన్నం తిన్న డ్రైవర్లు. దేశం మొత్తానికి నేను ఎక్కడుండేవాణ్ణో తెలుసు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కడూ బ్రేకు వేయలేదు. హారను కొట్టి, చెయ్యి ఊపి పోయారు.

ప్రొక్లైను వచ్చి పూట తిరక్కుండా షెడ్డును నేలమట్టం చేసింది. చెంచయ్యకు పర్మినెంటు కాగితం వచ్చింది. ఆ ఏడు రంగు వేయడానికి వచ్చి వెనక పక్క మాత్రం వేసి, అంకెల వైపు రాకుండా పోయాడు. అతని మీద నాకున్న కోపం ఇంతని చెప్పలేను. నా అబద్ధం కాదది, కానీ నా ఒంటి మీద నల్లటి అంకెల్లో నిలబడింది. వచ్చిన వాడల్లా దాన్ని చదువుకుని నిజమనుకుని పోయాడు.

తర్వాత నాలుగు వరుసల రోడ్డు పూర్తయింది. రోడ్డు నంబరే మారింది, కిలోమీటర్ల లెక్క మళ్ళీ మొదటినుంచి పెట్టారు. నున్నటి కొత్త రాళ్ళు వచ్చాయి. నన్ను పెకలించి ఈ కంపల్లోకి దొర్లించారు.

నిన్న పెంచలమ్మ ఇటు వచ్చింది. సర్వీసు రోడ్డు పక్కన తోపుడు బండి మీద టీ అమ్ముతోందట. పెద్ద లారీలు ఇనప కమ్మీలకు అవతలే పోతాయి, ఆమె దగ్గర ఆగవు. జుట్టు బాగా నెరిసింది. కంప కొడుతున్న కూలీ ఆమెను చూసి పిలిచాడు.

"అవ్వా, మంచి రాయి. బట్టలుతుక్కోను పనికొస్తాది. బండిలో ఎక్కించమంటావా?"

ఆమె వంగి, నా మీది మట్టిని అరచేత్తో తుడిచింది. చదువు రాకపోయినా 214ను గుర్తుపట్టింది. ఆ చెయ్యి తగలగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తీసుకుపో తల్లీ, నీ గుమ్మంలో పడి ఉంటాను, నన్ను కూడా మోసం చేశారని నీకొక్కదానికైనా తెలియాలి అనుకున్నాను.

"వద్దు నాయనా," అంది ఆమె. "ఎవురు ఏడ పాతితే ఆడే నిజమని నిలబడే రాయి ఇది. నాకెందుకు?"

చెయ్యి చీర చెంగుకు తుడుచుకుంది. నన్ను దాటాలంటే ఒక్క అడుగు చాలు. ఆమె దాటలేదు. ముళ్ళకంపలోనుంచి చుట్టూ తిరిగి పోయింది.