ఫ్లెక్సీ మీద నల్లకోటు

లక్ష్మీ సరస్వతులు అత్తాకోడళ్లనీ, ఒక్క కప్పు కింద ఇద్దరూ ఇమడరనీ తిరుపతమ్మ చిన్నప్పుడెప్పుడో హరికథలో విన్నది. నిజమేనా? పటంలో పక్కపక్కనే కూర్చునే తల్లులకు మనుషుల ఇళ్లలోనే ఎందుకు పడదు? దీపం పెట్టేటప్పుడల్లా ఈ సందేహం వచ్చేది. ఎవరినడిగినా నవ్వేవాళ్లే. కూతురు జ్యోతిక ఎమ్మెస్సీ లెక్కలు చదువుతూనే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతానన్నప్పుడు ఆ సందేహం మరింత బరువెక్కింది.

యూనివర్సిటీ నియమం మాత్రం తేటగానే ఉంది. రెగ్యులర్ విద్యార్థి పూర్తికాలం ఉద్యోగం చేస్తే సీటు పోతుంది. క్లాసులకు అడ్డురాని పని అయితే హెడ్ మేడం అనుమతితో చేసుకోవచ్చు. జ్యోతిక ఆ అనుమతి తీసుకున్నాకే, సాయంత్రాలు మాత్రం చెప్పడానికి ఒప్పుకుంది.

ఒకరోజు పొద్దున ఎల్బీనగర్‌లో వాళ్ల వంటింట్లో ఉప్మా ఉడుకుతుండగా జ్యోతిక ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! మేడం మెట్రోలో పోతుంటే దిల్‌సుఖ్‌నగర్ల నా ఫ్లెక్సీ చూసిందంట. పూర్తికాలం సీనియర్ ఫ్యాకల్టీ అని ఉందంట. ఇప్పుడే ఒచ్చి జవాబు చెప్పమంటుంది. నా సీటు పోతదే!"

తిరుపతమ్మ పొయ్యి కట్టేసింది. "నేను గూడ ఒస్త. ముందుగాల ఆ ఫ్లెక్సీ సంగతి చూద్దాం, పా!"

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ ఎదురుగా, పెళ్లిపందిరి తోరణాల్లా వేలాడే ఫ్లెక్సీల మధ్య జ్యోతిక నిలువెత్తున నవ్వుతోంది. మొహం పిల్లదే. మెడ కింద ఎవరిదో నల్లకోటు.

"గీ కోటు ఎవరిదే?" అంది తిరుపతమ్మ బిత్తరపోయి.

సెంటర్ నడిపే బాపిరాజు గోదావరి జిల్లా మనిషి. మెట్ల మీదే ఎదురొచ్చాడు. "రండి చెల్లెమ్మా! అమ్మాయి అదిరిపోయింది కదూ?"

"అదిరింది నా గుండె సార్! పొద్దంత ఈడనే చెప్తదని రాసిన్రేంది?"

"పార్ట్‌టైమ్ అని రాస్తే చిన్నతనమండీ. అమ్మాయికి గౌరవంగా ఉంటుందని..."

"మీ గౌరవానికో దండం! జర మీరే ఒచ్చి మేడంకు చెప్పున్రి."

ముగ్గురూ యూనివర్సిటీకి ఆటో ఎక్కారు. మలక్‌పేట దాటేదాకా తిరుపతమ్మ నరసింహస్వామిని తలుచుకుంటూనే ఉంది. హరికథలో మాటే నిజమవుతుందా స్వామీ?

హెడ్ కుసుమకుమారి మేడం తన గదిలో, ఫోనులో తీసిన ఫ్లెక్సీ బొమ్మ చూపించింది. "దీని ప్రకారం నువ్వు పొద్దుటి నుంచీ అక్కడే ఉండాలి. కానీ నా క్లాసు ఒక్కటీ ఎగ్గొట్టలేదు. ఏది అబద్ధం?"

"బోర్డేనండీ," బాపిరాజు చేతులు జోడించాడు. "అమ్మాయి వచ్చేది సాయంత్రాలే. మా వీధిలో బోర్డు నిజం చెబితే పిల్లలు చేరరండి."

"మరి బోర్డు మీద పక్కనున్న ఈ ప్రొఫెసర్ గారు?"

"మా బావమరిదండీ. రిసెప్షన్ చూస్తాడు."

మేడం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత గట్టిగానే చెప్పింది. "ఈరోజే దించేయండి. పగలు చదువుది, సాయంత్రం సంపాదనది. ఆ గీత దాటనంతవరకు నా అనుమతి అలాగే ఉంటుంది."

అంతేనా! అత్తాకోడళ్లయినా పొయ్యి దగ్గర వేళలు పంచుకుంటే పేచీ ఎక్కడిది? తిరుపతమ్మకు ఒళ్లంతా తేలికైంది. బయటికి రాగానే జ్యోతిక తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"ఇడువే, కండ్లు తిరుగుతున్నయ్!" అంటూనే నవ్వింది తిరుపతమ్మ. బాపిరాజును ముందు పంపించి, కూతుర్ని కొత్తపేటకు లాక్కుపోయింది. జరీ అంచు పంచె, పండ్లు, తమలపాకులు కొన్నది. పదో తరగతిలో జ్యోతికకు ఫీజు లేకుండా లెక్కలు చెప్పింది బాపిరాజే. గురుదక్షిణ ఇవ్వబోయినప్పుడల్లా, "పిల్ల నిలదొక్కుకున్నాక చూద్దాం" అని ఏళ్లుగా దాటవేస్తున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి కుర్రాళ్లు ఫ్లెక్సీ తాళ్లు విప్పుతున్నారు. పంచె, పండ్లు చూడగానే బాపిరాజు వెనక్కి తగ్గాడు. "ఇది పార్ట్‌టైమే కదా చెల్లెమ్మా! ఇంకా నిలదొక్కుకోలేదుగా."

"ఇయ్యాల ఊకోను సార్. సీటు నిలబడ్డది, కొలువు నిలబడ్డది. ఇంకేం నిలబడాలె?"

జ్యోతిక వంగి కాళ్లకు దండం పెట్టింది. బాపిరాజు పంచె అందుకుని కళ్లకద్దుకున్నాడు.