కోయని వంకాయ

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే గురుస్వామి ఇంట పందొమ్మిది వందల ఎనభై ఏప్రిల్‌లో తొలి కాన్పు జరిగింది. ఆడపిల్ల. ఎంత ముద్దొచ్చే బిడ్డో! నుదుటి మీద ఉంగరాల జుట్టు, తుమ్మినప్పుడల్లా ముడుచుకునే బుల్లి పాదాలు. ఆ పాదాలు చూసి తల్లి వెంకటమ్మ తనలో తానే నవ్వుకునేది. మిగతావారి చూపు అంత కిందికి దిగలేదు. బిడ్డ పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలీ చీలింది. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి.

"గ్రహణం మొర్రి! కడుపుతో ఉండి గ్రహణం పొద్దు ఏం కోసినావే?" అంది అత్త ఆదిలక్ష్మమ్మ.

"ఏమీ కోయలేదత్తా. నన్ను గదిలో పండబెట్టి గొళ్ళెం పెట్టింది నువ్వే గదా? గుక్కెడు నీళ్ళు గూడా ఇయ్యకపోతివి."

"కోయకుంటే మొర్రి యాడ నుంచి వచ్చె? ఒప్పుకో, శాంతి చేపిస్తాం. ఒప్పుకోకుండా ఆస్పత్రికి పోతే పాపం ఇంటికంతా సుట్టుకుంటాది."

"అమ్మ చెప్పినట్టు చెయ్యి," అని గురుస్వామి ఉలి అందుకున్నాడు. రాతిలో దేవత పెదవిని వెంట్రుకవాసి తేడా లేకుండా తీర్చే మనిషి, కన్నకూతురి పెదవిని చూడలేకపోయాడు.

నెల గడిచింది. బిడ్డ ఏడుపు సన్నబడింది. ఒక ఉదయం ఆ పాదాలు చేతికి చల్లగా తగిలాయి. వెంకటమ్మ అత్త ముందు కూలబడింది.

"కోసినా అత్తా. వంకాయ. ఒకటే. ఇంక ఆస్పత్రికి బస్సెక్కనీ."

గొళ్ళెం పెట్టిన గదిలోకి వంకాయ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

నంద్యాల ఆస్పత్రిలో డాక్టరు కృపావతి బిడ్డను తూచింది. రెండు కిలోలు కూడా లేదు.

"తప్పు నాదే డాక్టరమ్మా. గ్రహణంనాడు వంకాయ కోసినా."

"అప్పుడు నీకెన్నో నెల?"

"ఏడు."

"పెదవి అతుక్కోవాల్సింది రెండో నెలలోనేనమ్మా. గ్రహణానికి చాలా ముందే అది చీలి ఉంది."

వెంకటమ్మ బిడ్డ పాదాలను కొంగుతో కప్పింది. "నేను కోయలేదమ్మా," అంది మెల్లగా.

"తెలుసు."

పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి అప్పటికే జబ్బు ముదిరింది. మూడో రోజు బిడ్డ పోయింది. కొడుకుతో వచ్చిన ఆదిలక్ష్మమ్మ నోరు నొక్కుకుంది. "ఒప్పుకున్నాక గూడా పోయెనే!"

"ఏడెనిమిది వందల కాన్పుల్లో ఒకటి ఇట్లా ఉంటుంది పెద్దమ్మా," అంది కృపావతి. "గ్రహణం పట్టించుకోని ఇళ్ళల్లోనూ పుడతారు. నాలుగున్నర కిలోలకు పెరిగుంటే మూడో నెలలో పెదవి కుట్టేవాళ్ళం, ఏడాది దాటినాక అంగిలి. అంతవరకూ తల ఎత్తి పట్టుకుని ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పాలు పోయాల్సింది. ఈ బిడ్డను మొర్రి చంపలేదు. ఆకలీ, ఆలస్యమూ చంపినాయి."

గురుస్వామి గుడ్డ తొలగించి, తొలిసారి ఆ పాదాలు పట్టుకున్నాడు.

ఇలాంటి బిడ్డ మీ ఇంట పుడితే తల్లిని ఏ ప్రశ్నా అడగకండి. ముందు ఉగ్గుగిన్నె అందుకోండి, ఆ వెంటనే ఆస్పత్రి దారి పట్టండి.