ఇరవైలో ఎనిమిది

గోల్ఫ్ బూట్ల అడుగున రబ్బరు బుడిపెలుంటాయి. వాటి మధ్య ఇరుక్కున్న మట్టినీ గడ్డినీ పాత టూత్‌బ్రష్‌తో గీకి తీయాలి. లేకపోతే వారం తిరిగేసరికి రాయిలా బిగుసుకుపోతుంది. సోమవారం సాయంత్రం ఆమె వెనక వరండాలో పీట వేసుకుని ముందు భర్త బూట్లు, తర్వాత తన బూట్లు గీకుతోంది. ఆ వరస ఎవరూ పెట్టింది కాదు, అలా పడిపోయింది. ఆటకి ఇద్దరూ వెళ్తారు గానీ బూట్లు గీకే హక్కు మాత్రం మొదటినుంచీ ఆమె ఒక్కదానిదే. అప్పుడు హాల్లోంచి ఆయన పిలిచాడు.

"ఇదేంటి, నీకు పదమూడు చూపిస్తోంది?"

చేతులు కడుక్కుని వెళ్లి చూసింది. క్లబ్బు వాళ్లు కొత్త పద్ధతిలో కట్టిన హ్యాండీక్యాపులన్నీ అప్పుడే ఫోన్లలోకి వదిలారు. ఆయన పేరు పక్కన పదిహేడు. ఆమె పేరు పక్కన పదమూడు.

ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువ షాట్లలో గుంతల్లో వేస్తే అంత గొప్ప. హ్యాండీక్యాప్ అంటే ఒక్కొక్కరికి మినహాయించే షాట్ల లెక్క. బాగా ఆడేవాళ్లకి చిన్న అంకె, అంతంతమాత్రం వాళ్లకి పెద్ద అంకె. ఇద్దరు పోటీపడితే చిన్న అంకె ఉన్నవాళ్లు తేడా ఎంతో అన్ని షాట్లు రెండోవాళ్లకి వదిలిపెట్టాలి. నిన్నటిదాకా ఆయనది పద్నాలుగు, ఆమెది ఇరవై ఆరు. ఆయన పన్నెండు షాట్లు ఆమెకి వదిలేవాడు. వదిలిన సంగతి క్లబ్బులో కనబడినవాళ్లకల్లా చెప్పేవాడు. "మా ఇంటి లేడీస్ కోటా" అని ఆమెని పరిచయం చేసేవాడు. జనం నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే ముభావం మనిషి అంటారని.

ఆయన ముందు నవ్వాడు. మిషన్‌కి మతిపోయిందన్నాడు. ఇంకోసారి తెరిచి చూశాడు. అంకె మారలేదు.

మిషన్‌కి మతి బాగానే ఉందని ఆమెకి తెలుసు. రెండు నెలల కిందట క్లబ్బు హాల్లో కొత్త లెక్క గురించి మీటింగు పెట్టారు. లేడీస్ కెప్టెన్ తెల్ల బోర్డు ముందు నిలబడి చెప్పింది. ఆవిడ ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు టీచరు, అందుకని అందరూ డ్రిల్లు మేడమ్ అనే అంటారు. పాత పద్ధతిలో కమిటీ పెద్దలు ఆదివారం ఆటల్లో షాట్లు రాసిన కార్డులు మాత్రమే ముందేసుకుని ఎవరికెంతో తేల్చేవారు. ఇకనుంచి ప్రపంచమంతా ఒకటే లెక్క. ఏ రోజు ఆడినా సరే, పక్కనున్న ఆటగాళ్లు చూసి సంతకం పెడితే ఆ కార్డు చెల్లుతుంది. మైదానం ఎంత కష్టమో దానికో అంకె ఉంది, ఆడవాళ్లు మొదలుపెట్టే చోటికి వేరుగా, మగవాళ్లు మొదలుపెట్టే చోటికి వేరుగా. ఆ రోజు గాలి మరీ ఎక్కువైతే దానికీ సవరణ. ఇవన్నీ తీసివేశాక చివరి ఇరవై ఆటలు వరసగా పెడతారు. అందులో మంచి ఎనిమిదింటిని తీసుకుని సగటు కడతారు.

"మరి మిగతా పన్నెండు?" అని ఎవరో అడిగారు.

"వదిలేస్తాం. నీ పాడు రోజులతో మాకు పని లేదు. బాగా ఆడిన రోజు నువ్వెంత ఆడగలవో అదే నువ్వు," అంది డ్రిల్లు మేడమ్.

ఆ మాట దగ్గర ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోల్ఫ్ లెక్కలు వింటూ ఏడ్చినదాన్ని లోకంలో తనొక్కదాన్నే అయ్యుంటానని సిగ్గుపడి, దగ్గు వచ్చినట్టు నటించింది. ఏం చేస్తుంది, ఆమె బతికిన లెక్క వేరు. అత్తగారి లెక్కలో నెలకి తొంభై పూటలు వండితే ఉప్పెక్కువైన ఆ ఒక్క పూటే చుట్టాల దాకా వెళ్తుంది. ఆమె పనిచేసే కళ్లద్దాల షాపు యజమాని, జీతం పెంచమన్నప్పుడల్లా, ఎప్పుడో ఒక పెద్దాయనకి అద్దాలు తారుమారైన సంగతి తీస్తాడు. ఆ తారుమారు వెనకగదిలో అద్దాలు అరగదీసే మనిషిది. అది షాపులో అందరికీ తెలుసు, యజమానికి కూడా. ఇక భర్త దగ్గరైతే ఆమె చేసిన మంచి పనులకి అసలు కార్డే లేదు. అన్నీ సవ్యంగా జరిగిన రోజుని ఆయన మామూలు రోజు అంటాడు. పాడైన రోజుని మాత్రం ఆమె పేరుతో పిలుస్తాడు.

అదే మీటింగులో డ్రిల్లు మేడమ్ ఇంకో మాట కూడా అంది. కావాలని చెడగొట్టి ఆడి, అంకె పెంచుకునేవాళ్లు దొంగలతో సమానమనీ, దొరికితే వాళ్ల హ్యాండీక్యాప్ కమిటీ తీసేస్తుందనీ. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆమె కావాలనే చెడగొట్టేది. ఆదివారాలు.

మొదట్లో ఒకసారి తెలియక గెలిచింది. ఆ రోజు ఆయన కారులో ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికొచ్చి ఆకలి లేదన్నాడు. అత్తగారు ఖాళీ కంచం వైపూ కోడలి వైపూ చూసి, "ఇంట్లో మగాడికి ముద్ద దిగనప్పుడు నీ గెలుపు ఎవరికమ్మా?" అంది. ఆ తర్వాత ఆమె ఓడిపోవడం నేర్చుకుంది. అదేమీ తేలిక పని కాదు, ఓడిపోవడానికీ ఒడుపు కావాలి. ఆయన వదిలిన పన్నెండు షాట్లూ తీసేశాక కూడా ఆయనే రెండు షాట్ల తేడాతో గెలవాలి. తేడా ఏడో ఎనిమిదో అయిందంటే దారి పొడుగునా చేతులెలా తిప్పాలో పాఠం చెప్తాడు. రెండైతే హుషారుగా ఉంటాడు, ఇంటికొచ్చి టీ తనే పెడతాడు. ఆ వారం మొత్తంలో ఆమెకి ఇంకొకరు పెట్టిచ్చే టీ అదొక్కటే. అందుకని మొదటి గుంతనుంచే నడుస్తూ ఆయనవీ తనవీ నోటిలెక్క కట్టుకునేది. ఒకచోట పొడుగు కర్ర తీసుకుని బంతిని అవతలికి దాటించేది, ఒకచోట అడ్డానికని పోసిన ఇసకలో దింపేది, గుంత అంచుదాకా తెచ్చి మూడుసార్లు తట్టేది. "అయ్యో" అనడం కూడా సమయం చూసి అనేది. నిజంగా ఆడితే ఇంత అలసట ఉండేది కాదు.

మంగళవారం షాపుకి సెలవు. ఆ రోజు పొద్దున ఆడవాళ్లు నలుగురు కలిసి ఆడతారు. ఆమె కార్డు రాసేది పళ్ల డాక్టరమ్మ. ఆవిడ లెక్క ఎంత నిక్కచ్చి అంటే, ఒకసారి గడ్డిలో బంతి ఆమె కర్ర తగిలి వేలెడు కదిలింది. ఎవరూ చూడలేదనుకుంది. డాక్టరమ్మ కార్డు మీద ఒకటి కలిపేసి, "కదిలింది, నేను చూశాను," అంది. ఆమెకి కోపం రాలేదు. తను చేసింది చేసినట్టు రాసే మనిషి ఒకరు దొరికారని లోపల హాయిగా అనిపించింది. మంగళవారాలు ఆమె బంతిని ఎటు చూసి కొడితే అటే వెళ్లేది. ఎవరి అంకె ఎంతో మనసులో మోయక్కర్లేదు. గాలి ఎటు వీస్తోంది, కాలు ఎక్కడ పెట్టాలి, అంతే. మూడేళ్లుగా ఆమె ఇలా ఆడుతోందని నలుగురు ఆడవాళ్లకి తెలుసు. కొత్త లెక్క వచ్చాక ఆ కార్డులన్నీ కమిటీకి చేరాయి.

"ఆడవాళ్ల మైదానం చిన్నది, అందుకే," అన్నాడు ఆయన.

ఆ తేడా ముందే తీసేశారని చెప్పింది. మీరు మీలో మీరు ఉదారంగా రాసుకుంటారన్నాడు. డాక్టరమ్మ సంగతి చెప్పింది. ఆయన వినలేదు. వచ్చే ఆదివారం జంటల పోటీ, ఆయన కంపెనీకి కొత్తగా వచ్చిన డైరెక్టరు భార్యతో సహా వీళ్లిద్దరితో ఆడుతున్నాడు. "ఆయన ముందు నువ్వు నాకు నాలుగు షాట్లు వదులుతావా? ఆఫీసులో తలెత్తుకోవాలా వద్దా?"

పోనీ కొన్నాళ్లు చెడగొట్టమన్నాడు. చెడ్డ కార్డులు పన్నెండులోకి వెళ్లిపోతాయి, లెక్కకి రావని చెప్పింది. ఇరవయ్యీ చెడగొట్టమన్నాడు. అప్పుడు కూడా పెద్దగా పెరగదని చెప్పింది. ఏడాదిలో అందుకున్న మంచి అంకె నుంచి మూడు దాటాక సగమే పెరుగుతుంది, ఐదు దాటితే ఇక కదలదు. ఎంత పడిపోయినా అక్కడికి మించి పడనివ్వరు. ఇది చెబుతుంటే ఆమె గొంతులో కాస్త గర్వం వినిపించింది, దాచుకోలేకపోయింది.

ఆయన అది విన్నాడు. నెమ్మదిగా అన్నాడు. "అయితే కెప్టెన్‌కి ఫోన్ చెయ్. మంగళవారం కార్డులు సరదాకి రాసుకున్నవి, నిజం కావు, తీసేయండి అని చెప్పు. రెండు నిమిషాల పని."

గదిలోంచి అత్తగారు, "చెప్పేయరాదూ, నీ సొమ్మేం పోతుంది," అంది.

ఏం పోతుందని ఆమె నిజంగానే ఆలోచించింది. అంకె పోతే పోయింది, అంకెతో అన్నం వండుకోరు. కానీ మంగళవారాలు నిజం కాదని తన నోటితో చెబితే, డాక్టరమ్మ సంతకం అబద్ధమవుతుంది, చూసిన చోటికి వెళ్లిన ఆ బంతులన్నీ అబద్ధమవుతాయి. మిగిలేవి ఆదివారాలు. ఇసకలో దింపినవీ, అంచున మూడుసార్లు తట్టినవీ, సమయం చూసి అన్న అయ్యోలూ. ఇకమీదట ఎవరు అడిగినా అదే ఆమె. వంటింట్లో, షాపులో, ఈ హాల్లో ఇన్నేళ్లూ ఎవరెవరో కట్టిన లెక్క అదే చెబుతోంది, ఇప్పుడు ఆమె చేత కింద సంతకం పెట్టిస్తున్నారు. ఆయన మీద కోపం కంటే తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. ఒక కప్పు టీ కోసం.

"సరే, చేస్తాను," అంది.

ఆయన ముఖం తేటపడింది. తనే నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ బల్ల మీద ఉంచాడు. అటునుంచి డ్రిల్లు మేడమ్, "చెప్పమ్మా, చూసుకున్నావా నీ అంకె?" అంది.

"చూశాను మేడమ్. నా కార్డుల్లో కొన్ని నిజమైనవి కావు. తీసేయించాలి."

ఆయన తలాడించాడు.

"నిజమైనవి కావంటే? ఆలోచించి చెప్పు. అలాంటివైతే నువ్వు కమిటీ ముందుకొచ్చి ఒప్పుకోవాలి. కొన్నాళ్లు నీకు హ్యాండీక్యాపే లేకుండా చేస్తారు. ఈ ఆదివారం పోటీ కూడా ఉండదు."

"వస్తాను మేడమ్."

పోటీ ఉండదన్న మాట ఆయనకి ఇంకా నచ్చింది. కానివ్వు, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏవమ్మా ఆ కార్డులు?"

"ఆదివారాలవి," అంది ఆమె. "మా ఆయన్ని గెలిపించినవన్నీ."